మారే చిరునామా, మారని పేరు

మనిషికి పేరు ఒకటి, చిరునామా మరొకటి. పేరు పెద్దలు పెట్టినది. అది జీవితాంతం వెంట ఉంటుంది. చిరునామా అట్టిది కాదు. అద్దె ఇల్లు మారినా, ఉద్యోగం బదిలీ అయినా, ప్రభుత్వం జిల్లాల సరిహద్దులు తిరిగి గీసినా అది మారిపోతుంది. మారిన చిరునామాను పేరు పక్కన తిరిగి వ్రాయవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న పోస్టుకార్డుల కాలంలో ఎంత అవసరమో, ఇంటింటా ఇంటర్నెట్టు తీగ దిగుతున్న నేటి కాలంలోనూ అంతే అవసరం. ఇంటి గోడకు తగిలించి ఉండే రౌటరు అనే చిన్న పెట్టె విషయంలో ఈ ప్రశ్నకు సరియైన సమాధానం ఏమిటో విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి రౌటరుతో పని ఏమిటని కొందరు నవ్వవచ్చు. పేరుకు, అది సూచించే వస్తువుకు మధ్య గల సంబంధాన్ని విచారించడం భాషాధ్యాపకునికి పరాయి పని కాదు. పైగా ఈ విషయానికి కావలసిన మాటలు మన రెండు భాషల ఉమ్మడి ఆస్తిలోనే ఉన్నవి. 'చిరునామా' అన్న మాట చూడడానికి అచ్చ తెలుగు పదంలా 'చిరు'తో మొదలవుతుంది గాని, అది పారసీకంలోని 'సర్‌నామా' నుండి హిందూస్తానీ ద్వారా మనకు వచ్చినది. లేఖ తలకట్టున వ్రాసే వ్రాత అని దాని భావం. 'హాజరు', 'దాఖలా', 'నకలు' అన్న మాటలూ అట్లే కచేరీల గుండా తెలుగు ఊళ్లకు చేరినవే. చిరునామా, దాఖలా, నకలు, హాజరు: ఈ నాలుగు మాటలు చాలు, నేను చెప్పదలచుకున్నదంతా చెప్పడానికి.

ముందుగా ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. విశాఖపట్నం నుండి అరకు లోయకు పోయే ఘాటు రోడ్డు మీద, అనంతగిరి మండలంలో, టైడా అనే కొండ ఊరు ఉన్నది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం మీద ఆ పేరుతోనే ఒక స్టేషను కూడా ఉన్నది. ఈ ఊరు ఉన్నచోటనే ఉన్నది. కాని దాని తలకట్టు ఎన్నిసార్లు మారిందో చూడండి. 1953 అక్టోబరు 1కి పూర్వం మద్రాసు రాష్ట్రం. ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్. అన్నాళ్లూ విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. కొండ మీది రాయి ఒక్కటి కూడా కదలలేదు. చిరునామా మాత్రం మారింది. పాత కాగితాల మీద పాత జిల్లా పేరే ఉండిపోయింది. 'టైడా' అన్న పేరు నిలిచినందువలననే బాటసారికి దారి తప్పలేదు.

ఇంటర్నెట్టులోనూ ఇదే వ్యవస్థ. అక్కడ ప్రతి ఇంటికీ అంకెలతో కూడిన చిరునామా ఒకటి ఉంటుంది. దానిని ఐ.పి. చిరునామా అంటారు. అంకెలను జ్ఞాపకం పెట్టుకోవడం మనుష్యులకు కష్టం కనుక, వాటికి పేర్లు పెట్టారు. తొలిదినాలలో పేర్లకు, అంకెలకు సంబంధించిన జాబితా అంతా ఒకే ఒక పట్టీగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది. ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషీమణి నాయకత్వంలోని కార్యాలయం దానిని నిర్వహించేది. ఎవరి చిరునామా మారినా ఆ కార్యాలయానికి తెలియజేయాలి. వారు పట్టీని దిద్దాలి. అందరూ నకలు తెచ్చుకోవాలి. యంత్రాల సంఖ్య పెరిగిన కొద్దీ ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు డొమైన్ నేమ్ సిస్టం అనే పద్ధతిని రూపొందించాడు. దానినే పొట్టిగా డి.ఎన్.ఎస్. అంటున్నాము. ఒకే పట్టీకి బదులుగా, ఎవరి పేర్ల పట్టీని వారే ఉంచుకునే ఏర్పాటు అది. అడిగిన వారికి జవాబు చెప్పడమే గాక, ఆ జవాబును ఎంతసేపు నమ్మవచ్చునో కూడా ఆ పట్టీ చెబుతుంది. ఆ గడువు తీరేవరకు దారిలోని యంత్రాలు నకలు ఉంచుకొని, దానినే అందరికీ చూపుతాయి.

ఈ ఏర్పాటు చిరునామాలు అరుదుగా మారే పెద్ద సంస్థల కోసం పుట్టినది. సామాన్యుని ఇంటి సంగతి వేరు. మొదట వచ్చిన పద్ధతిలో ఐ.పి. చిరునామాలు మొత్తం 429 కోట్లకు మించి ఉండవు. భూమి మీది జనాభాకు మనిషికొకటి కూడా రాదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర నిల్వ పూర్తిగా పంచివేయబడినది. అదే సంవత్సరం ఏప్రిల్ 15 నాటికి ఆసియా ప్రాంతపు నిల్వ కూడా చివరి భాగానికి చేరుకొన్నది. అందుచేత ఇంటర్నెట్టు కంపెనీలు గృహస్థునికి చిరునామాను సొంతానికి ఇవ్వవు, అద్దెకు ఇస్తాయి. గడువు తీరినా, లైను తెగి తిరిగి కలిసినా వేరొక చిరునామా రావచ్చు.

పట్టణంలో ఇది అప్పుడప్పుడు జరిగే సంగతి. కొండ ప్రాంతంలో మాటిమాటికీ జరుగుతుంది. 2017 డిసెంబరు 27న లాంఛనంగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చాలా చోట్ల విద్యుత్ స్తంభాల మీదుగానే తీగ లాగింది. ఖర్చు తగ్గించే మంచి ఉపాయమే. కాని గాలివానకు చెట్టు కూలితే దీపంతో పాటు ఇంటర్నెట్టు కూడా పోతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను స్తంభాలను, చెట్లను ఎట్లా నేలకూల్చిందో చూసిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అంతటి తుపాను రానక్కరలేదు. మామూలు శ్రావణ మాసపు వాన చాలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటరు కొత్తగా లేస్తుంది. లేచిన ప్రతిసారీ కొత్త చిరునామా తెచ్చుకోవచ్చు. ఎవరికి తమ ఇంటిని దూరం నుండి చూసుకోవలసిన అవసరం ఎక్కువో, వారి చిరునామాయే అందరికంటె ఎక్కువగా మారుతున్నది. ఇదే ఈ విషయంలోని అసలు చిక్కు.

ఆ అవసరం ఎట్టిదో ఊహించండి. టైడాలో ఒక కుటుంబం ఉన్నదనుకుందాం. కొడుకు విశాఖలో చదువుకుంటున్నాడు. ఇంటిలో పాత కంప్యూటరు ఒకటి ఉన్నది. అందులో అవ్వ చెప్పిన కథలు, పెండ్లిళ్లలో పాడిన పాటలు రికార్డు చేసి దాచినాడు. భూమి కాగితాల ఫోటోలు పెట్టినాడు. వర్షమాపకం రోజూ చూపే లెక్క కూడా అందులోనే పడుతున్నది. నగరంలోని అద్దె గది నుండి వాటిని చూడాలంటే ఇంటి చిరునామా తెలియాలి. నిన్న తెలిసిన అంకె నేడు పనిచేయదు. తండ్రికి ఫోను చేసి రౌటరు తెరచి అంకె చదవమంటే ఆ పెద్దమనిషికి ఎంత శ్రమ! ఇక్కడనే డైనమిక్ డి.ఎన్.ఎస్. అనే ఉపాయం అక్కరకు వస్తుంది.

దాని పని మా తరగతి గదిలోని హాజరు పట్టీ వంటిది. ఇంటికి ఒక పేరు తీసుకుంటారు. ఆ పేరును ఉంచే సేవాసంస్థ వద్ద ఒక దాఖలా ఉంటుంది. రౌటరుకు కొత్త చిరునామా రాగానే, అది తన రహస్య తాళంచెవిని చూపి, "ఈ పేరు గలవాడిని నేను, ప్రస్తుతం ఈ అంకె వద్ద ఉన్నాను" అని హాజరు పలుకుతుంది. సంస్థ పాత అంకెను కొట్టివేసి కొత్తది వ్రాస్తుంది. ఈ విధంగా పట్టీని దూరం నుండి దిద్దే నియమాలు 1997 ఏప్రిల్‌లోనే వెలువడినవి. ఇండ్లలో వాడే సేవలు అంతకంటె సులభమైన మార్గాన్ని అనుసరిస్తూ, మామూలు వెబ్ అభ్యర్థనతోనే పని కానిస్తాయి. నకలుకు ఇచ్చే గడువు తక్కువగా, ఒకటి రెండు నిమిషాలో అయిదు నిమిషాలో పెడతారు. అందువలన కొద్దిసేపటిలోనే లోకమంతటికీ కొత్త చిరునామా తెలుస్తుంది.

ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. నా అభిప్రాయభేదం దీని తరువాత మొదలవుతుంది. చాలామంది ఈ ఏర్పాటును ఒకసారి చేసి మరచిపోదగిన పనిగా భావిస్తున్నారు. పేరు తీసుకున్నాము, రౌటరులో నాలుగు గడులు నింపాము, పచ్చరంగు గుర్తు వచ్చింది, ఇక నిశ్చింత అనుకుంటారు. ఇది సరియైన దృష్టి కాదు. దాఖలా ఒకసారి వ్రాసే వస్తువు కాదు. ఎప్పటికప్పుడు నిజం చేసుకోవలసిన వస్తువు. జూన్ నెలలో ఒకసారి హాజరు పలికి, సంవత్సరమంతా హాజరు వేయమనే విద్యార్థిని ఏ అధ్యాపకుడు అంగీకరిస్తాడు?

తప్పిన దాఖలా అసలు దాఖలా లేకపోవడం కంటె ప్రమాదకరమన్న సంగతిని ముఖ్యంగా గుర్తించాలి. పేరు లేకపోతే బాటసారి వెనుకకు తిరిగిపోతాడు. పేరు తప్పు చూపితే పరాయి ఇంటి తలుపు తడతాడు. నిన్న మన ఇంటికి ఉన్న అంకెను కంపెనీ నేడు మరొకరికి ఇచ్చి ఉండవచ్చు. మన పేరు పక్కన ఆ పాత అంకెయే ఉంటే, మన వాడు మన ఇల్లే అనుకొని అక్కడ తన రహస్య పదాన్ని టైపు చేస్తాడు. తాళంచెవిని తెలియని మనిషి చేతిలో పెట్టడం కంటె ఇది ఏ విధంగా మేలు? ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత మనిషికే కాదు, దిద్దని దాఖలాకూ వర్తిస్తుంది.

అయితే ఈ హాజరు పలికే పని ఎవరిది? మనిషి జ్ఞాపకశక్తికి వదిలిపెట్టే పని ఇది కాదు. అర్ధరాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చి చిరునామా మారితే లేచి దిద్దేవాడు ఎవడు? ఇంటిలోని కంప్యూటరుకూ ఈ పని అప్పగించవచ్చు. కాని అది ఆపివేయబడవచ్చు, చెడిపోవచ్చు. పైగా బయటి చిరునామా ఎప్పుడు మారిందో అది స్వయంగా ఎరుగదు. గడప మీద ఉన్నది రౌటరు. కొత్త చిరునామా ముందుగా దాని చేతికే వస్తుంది. కనుక చెప్పవలసిన బాధ్యత దానిదే. ఆ చెప్పినది నిజమా కాదా అని నెలకొకసారి విచారించవలసిన బాధ్యత మాత్రం గృహస్థునిది. యంత్రం పలుకుతుంది, మనిషి సరిచూస్తాడు. ఈ పని విభజనను పాటిస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

సరిచూడవలసిన అవసరం ఏమిటంటారా? రౌటరు హాజరు పలకలేని సందర్భాలు కొన్ని ఉన్నవి. మొదటిది గడియారం. చాలా రౌటర్లలో కరెంటు పోయినా తిరిగే గడియారం ఉండదు. కొన్ని లేవగానే తాము 1970 జనవరి 1న ఉన్నామనుకుంటాయి. సేవాసంస్థ చూపే ధ్రువపత్రం ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు గనుక దానిని నమ్మక వెనుకకు వస్తాయి. బయటి కాలసూచక యంత్రాన్ని అడిగి సరియైన సమయం తెలుసుకున్న తరువాత మళ్లీ ప్రయత్నిస్తే మంచిదే. ఒకసారి విఫలమై ఊరుకునే రౌటరైతే పాత దాఖలాయే మిగులుతుంది. రెండవది అతి ఉత్సాహం. చిరునామా మారకపోయినా నిమిషానికొకసారి హాజరు పలికే యంత్రాన్ని సేవాసంస్థలు అల్లరివాడిగా ఎంచి నిషేధిస్తాయి. మారినప్పుడు పలకాలి, మారకపోతే చాలా రోజులకొకసారి పలికితే చాలు. మూడవది మరుపు. కొన్ని ఉచిత సేవలు నెలకొకసారి యజమాని స్వయంగా వచ్చి పేరు కావాలని చెప్పకపోతే దానిని కొట్టివేస్తాయి. నాలుగవది చూసేవాని వైపు లోపం. వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గాలు బయలుదేరేటప్పుడు ఒకసారి పేరు అడిగి అంకె తెలుసుకుంటాయి. మధ్యలో అంకె మారితే తమంతట తాము మళ్లీ అడగవు. ఇల్లు సరిగా హాజరు పలికినా, వినేవాడు మళ్లీ అడగకపోతే ప్రయోజనం లేదు.

అన్నిటికంటె పెద్దది అయిదవది. చిరునామాల కొరత వలన కొన్ని కంపెనీలు వందల ఇండ్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతున్నవి. ఇది సత్రంలో బస చేయడం వంటిది. సత్రంలోని వాడు బయటికి పోయి రావచ్చు. కాని సత్రం పేరు మాత్రమే వ్రాసి వచ్చిన ఉత్తరం అతని గదికి చేరదు. ఇట్టి ఏర్పాటు కోసమే 100.64తో మొదలై 100.127 వరకు గల చిరునామాలను 2012 ఏప్రిల్‌లో ప్రత్యేకించినారు. రౌటరు తెర మీద అట్టి అంకె గాని, 10తో లేదా 192.168తో మొదలయ్యే అంకె గాని కనిపిస్తే, ఎంత శ్రద్ధగా హాజరు పలికినా బయటివాడు లోపలికి రాలేడు. అందుచేత పేరు తీసుకోవడానికి ముందే ఒక పరీక్ష చేయాలి. రౌటరు చూపే అంకెను, బయటి వెబ్ పుట మనకు చూపే అంకెను పక్కపక్కన వ్రాసుకోవాలి. రెండూ ఒకటైతే ముందుకు సాగవచ్చు. వేరైతే ముందుగా కంపెనీతో మాట్లాడాలి.

ఇక్కడ వినియోగదారుని పక్షాన ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. కనెక్షను ఇచ్చేటప్పుడు వేగం ఎంతో పెద్ద అక్షరాలతో ప్రకటిస్తారు. బయటి నుండి చేరుకోదగిన చిరునామా ఇస్తున్నారా లేదా అన్నది మాత్రం సామాన్యునికి కనబడేటట్లు చెప్పరు. ఇది న్యాయం కాదు. దరఖాస్తు కాగితం మీద ఒక్క వాక్యం చాలు: "ఈ కనెక్షనుకు సొంత బయటి చిరునామా ఉన్నది" లేదా "లేదు". పాఠశాలలు, ఆరోగ్య ఉపకేంద్రాలు, గ్రంథాలయాలు అడిగినప్పుడు మారని చిరునామాను అందుబాటు ధరకు ఇచ్చే నియమం ఉండాలి. పంచుకోవడం తప్పని కొరతలో ఎవరికి ఎంత వాటా వచ్చిందో చెప్పకపోవడం కొరత కంటె పెద్ద లోపం.

ఈ వాదానికి ఎదురు చెప్పేవారు లేకపోలేదు. "ఇంత తంటా ఎందుకు? కెమెరా కంపెనీ ఇచ్చే యాప్‌తో ఇల్లు చూసుకోవచ్చు గదా!" అంటారు. నిజమే, అది సులభం. కాని అప్పుడు మన ఇంటి దృశ్యం ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రం గుండా పోయి మనకు చేరుతుంది. ఆ కంపెనీ సేవ ఆపితే మన కెమెరా వట్టి డబ్బా. మరికొందరు, "ఇప్పుడు కొత్త పద్ధతి చిరునామాలు లెక్కకు మిక్కిలి ఉన్నవి, కొరతే లేదు" అంటారు. ఐ.పి. ఆరవ సంచిక విషయంలో ఈ మాట సత్యమే. అందులో ఇంటిలోని ప్రతి వస్తువుకు సొంత చిరునామా ఇవ్వవచ్చు. అయితే అక్కడ కూడా ఇంటికి ఇచ్చే ముందు భాగాన్ని కంపెనీలు మారుస్తూ ఉండవచ్చు. చూసేవాని వైపు ఆ కొత్త పద్ధతి లేకపోతే అది ఉపయోగపడదు. కనుక దాఖలాలో రెండు రకాల అంకెలూ నిజమై ఉండాలి. ఒకటి దిద్ది మరొకటి మరచితే, సగం మందికి మన ఇల్లు దొరుకుతుంది, సగం మందికి దొరకదు. కారణం ఎవరికీ అంతుచిక్కదు. ఇంకొందరు, బయటి మధ్యవర్తి సహాయంతో ఇంటికి సొరంగం వేసే కొత్త పరికరాలను సూచిస్తారు. సత్రంలో బస చేసేవానికి అదే శరణ్యం. అందులో తప్పు లేదు. కాని మధ్యవర్తి మీద ఆధారపడుతున్నామన్న ఎరుక ఉండాలి.

ఆధారపడటం ఎట్టిదో 2014వ సంవత్సరం నేర్పింది. డిన్‌డి.ఎన్.ఎస్. అనే ప్రసిద్ధ సంస్థ ఎన్నో సంవత్సరాలుగా ఇస్తున్న ఉచిత సేవను ఆ మే నెలలో నిలిపివేసింది. దానిని నమ్ముకొన్న రౌటర్లు మూగబోయినవి. అదే సంవత్సరం జూన్ 30న మైక్రోసాఫ్ట్ సంస్థ, దుష్ట ప్రోగ్రాములను అరికట్టే నిమిత్తం, కోర్టు ఉత్తర్వుతో నో-ఐ.పి. అనే మరొక సంస్థకు చెందిన డొమైన్లను కొన్నిటిని తన అదుపులోనికి తీసుకొన్నది. అపరాధుల పేర్లతో పాటు ఏ పాపం ఎరుగని గృహస్థుల పేర్లు కూడా కొన్ని దినాలు పనిచేయలేదు. దీని నుండి గ్రహించవలసిన నీతి ఒకటే. పరాయి పేరుకు తోకగా తగిలించుకున్న పేరు మనది కాదు. చేతనైన సంస్థ తన సొంత డొమైన్ పేరును తీసుకొని, దానిని ఉచిత సేవ ఇచ్చిన పేరుకు మారుపేరుగా కలపాలి. ఆ సేవ రేపు మూతపడినా, లోకానికి తెలిసిన పేరు మారదు. వెనుకనున్న ముడిని మాత్రం మరొక చోట వేసుకోవచ్చు. మన పాఠకులకు సంతోషం కలిగించే సంగతి ఒకటి చెబుతాను. 2011లో భారతదేశానికి ఏడు లిపులలో దేశనామపు డొమైన్లు మంజూరైనప్పుడు, వాటిలో తెలుగు లిపిలోని 'భారత్' ఒకటి, ఉర్దూ లిపిలోని 'భారత్' ఒకటి ఉన్నవి. ఇంటి పేరును ఇంటి భాషలో వ్రాసుకునే అవకాశం ఉన్నదన్న మాట.

తలుపు దొరికితే చాలదు. తలుపుకు గడియ ఉండాలి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ వారు పెట్టిన రహస్య పదాలను మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. ఆ ఏడు అక్టోబరు 21న వాటి చేత దాడి చేయించినది ఎవరి మీదనో తెలుసా? పేర్లకు చిరునామాలు చెప్పే డిన్ సంస్థ మీదనే. ఆ పూట పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కూడా చాలామందికి దొరకలేదు. యంత్రాలు చెడలేదు, వాటి పేరుకు జవాబు చెప్పేవాడు లేకుండా పోయినాడు. మన ఇంటి నిర్లక్ష్యం ఎవరి కొంపకు ఎసరు పెడుతుందో చెప్పలేము. కనుక కెమెరాను గాని, కంప్యూటరును గాని నేరుగా బయటికి తెరవరాదు. రహస్య మార్గం ఒక్కదానినే తెరచి, దాని గుండానే లోపలికి రావాలి. హాజరు పలికే తాళంచెవి వేరుగా, ఇతర రహస్య పదాలు వేరుగా ఉండాలి. తరగతిలో ఒకరి హాజరు మరొకరు పలికితే పోయేది కొన్ని మార్కులే. ఇక్కడ పరాయివాడు మన పేరున హాజరు పలికితే, మన ఇంటికి రావలసిన వారంతా వాడి ఇంటికి పోతారు.

ఇక కళాశాల కమిటీ వారికి నా మనవి. కంప్యూటరు తరగతులలో డి.ఎన్.ఎస్. నిర్వచనాన్ని వ్రాయించి మార్కులు వేస్తున్నాము. అది చాలదు. ప్రయోగశాలలో ఒక రౌటరును ఉంచి, దాని కరెంటు తీసి, తిరిగి ఇచ్చి, పేరు పక్కన కొత్త అంకె ఎంత సమయానికి పడుతున్నదో విద్యార్థుల చేత కొలిపించాలి. గడియారం తప్పినప్పుడు ఏమవుతుందో చూపించాలి. పరీక్ష ఖర్చు స్వల్పం; దాని ఫలం జీవితాంతం ఉంటుంది. సంస్థల పేరున తీసుకునే ప్రతి డొమైను, ప్రతి దాఖలా, వాటి గడువు తేదీలు కార్యాలయపు రిజిస్టరులో వ్రాసి ఉండాలి గాని, బదిలీ అయిపోయే ఒక ఉద్యోగి ఫోనులో కాదు.

విద్యార్థి మిత్రులకు చెప్పేది మరింత క్లుప్తం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ రౌటరు ముందు పావుగంట కూర్చోండి. అది చూపే అంకెను, బయటి పుట చూపే అంకెను, మీ పేరు పక్కన ఉన్న అంకెను, మూడింటినీ ఒక కాగితం మీద వ్రాయండి. మూడూ ఒకటైతే మీ దాఖలా నిజం. కాకపోతే దిద్దండి, దిద్దలేకపోతే, నిజం కాని ఆ పేరును తొలగించండి. మరునెల ఫోను డేటా మీద బయటి నుండి మళ్లీ చూడండి. ఇంటిలోని పెద్దలకు ఆ కాగితం ఎక్కడున్నదో చెప్పండి.

చిరునామా మారడం మన చేతిలో లేదు. కంపెనీ మారుస్తుంది, గాలివాన మారుస్తుంది, ప్రభుత్వం మారుస్తుంది. మారిన సంగతిని ఆ క్షణమే చెప్పడం మాత్రం మన చేతిలో ఉన్నది. ఆ చిన్న పని మానని ఇంటిని, ఎంత కొండ మీద ఉన్నా, వెదుక్కుంటూ వచ్చేవారు చేరుకుంటారు.